చర్మ క్యాన్సర్‌కి లేజర్ వేసి కీమో క్రీమ్ రాయాలన్నారా? మా నాన్నకి చేయించాం, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్తాను

మా నాన్నది నెల్లూరు పక్కన కోవూరు, వరి రైతు, 68 ఏళ్లు. వీపు మీద కుడి రెక్క దగ్గర ఎర్రగా పొలుసులు కట్టిన మచ్చ ఒకటి రెండేళ్లుగా ఉంది, అందరం తామర అనుకున్నాం. ఊళ్లో మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, రాస్తే దురద తగ్గేది, మానేస్తే మళ్ళీ వచ్చేది, మచ్చ మాత్రం నిదానంగా పెరుగుతూనే ఉంది. అందులో స్టెరాయిడ్ కలిసుందని మాకు తర్వాత తెలిసింది. పోయిన వేసవిలో పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వచ్చి మా వేళచ్చేరి ఇంట్లో చొక్కా విప్పి ఫ్యాన్ కింద కూర్చుంటే అప్పుడు చూశాను, పది రూపాయల బిళ్ల కంటే పెద్దదైపోయింది, అంచులు వంకరటింకరగా ఉన్నాయి. మర్నాడే స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. బయాప్సీ చేస్తే బోవెన్స్ డిసీజ్ అని వచ్చింది, అంటే చర్మ క్యాన్సరే కానీ ఇంకా పై పొర దాటి కిందకి దిగలేదు. 1912 లో బోవెన్ అనే డాక్టర్ మొదట రాశాడు కాబట్టి ఆ పేరు. వదిలేస్తే వందలో మూడు నుంచి అయిదు మందికి లోపలికి దిగే క్యాన్సర్ అవుతుందని చెప్పారు.

ఆపరేషన్ ఒక దారి, లేజర్ వేసి దాని మీద కీమో క్రీమ్ రాయడం ఇంకో దారి అన్నారు, నాన్నకి రెండోది చేయించాం. ఇది రాయడానికి కారణం ఏంటంటే, క్లినిక్‌లో లేజర్ పని పావుగంటలో అయిపోయింది, ఆ తర్వాత ఏడు రోజులు ఇంట్లో నా చేతుల్లోనే జరిగింది, ఆ ఏడు రోజుల గురించి నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నేను డాక్టర్‌ని కాదు, ఒక కూతురిని, మందు ఎన్ని రోజులు ఎంత రాయాలనేది మీ డాక్టర్ రాసిచ్చిందే ఫైనల్.

అసలు లేజర్ ఎందుకంటే, మన చర్మం పైన చనిపోయిన కణాల పొర ఒకటి ఉంటుంది, చాలాచోట్ల పది ఇరవై మైక్రాన్లే, కాగితం కన్నా సన్నం, కానీ అదే గోడ. ఆ పొరలో కొవ్వు ఎక్కువ, క్రీమ్‌లో ఉండే 5-ఫ్లోరోయురాసిల్ అంటే 5-ఎఫ్‌యూ నీళ్లలో కలిసే రకం, అందుకే పైన ఎంత రాసినా లోపలికి వెళ్లేది కొంచెమే. ఇదేం కొత్త మందు కాదు, 1957 లో అమెరికాలో హైడెల్‌బర్గర్ అనే సైంటిస్ట్ వాళ్ల టీమ్ తయారుచేసింది, పేగు క్యాన్సర్‌కీ రొమ్ము క్యాన్సర్‌కీ సెలైన్‌లో ఎక్కించేది ఇదే మందు. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ కొత్తగా తయారవ్వాలి కదా, దానికి కావాల్సిన ముడిసరుకు తయారు కాకుండా ఇది అడ్డుపడుతుంది, అందుకే గబగబా పెరిగే కణాలు ముందు చస్తాయి.

లేజర్ చేసేది ఆ గోడకి చిల్లులు పెట్టడం, అంతే. కార్బన్ డయాక్సైడ్ లేజర్ వెలుగు తరంగం పొడవు 10,600 నానోమీటర్లు, దాన్ని చర్మంలోని నీళ్లు పీల్చుకుని ఆవిరైపోతాయి, వెంట్రుకంత సన్నటి రంధ్రాలు వరసలుగా పడతాయి. ఎర్బియం యాగ్ అని ఇంకో రకం ఉంది, 2,940 నానోమీటర్లు, అదీ ఇదే పని చేస్తుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య చర్మం మామూలుగానే ఉంటుంది కాబట్టి త్వరగా మానుతుంది, దీన్నే ఫ్రాక్షనల్ అంటారు. లేజర్ అయ్యాక నాన్న వీపు ఫోటో తీసి చూపిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి "నారు నాటినట్టు వరసలుగా ఉందే అమ్మా" అన్నాడు, నిజంగా అలాగే ఉంది. లేజర్ దానంతటది క్యాన్సర్‌ని తీసెయ్యదు, మందుకి దారి ఇస్తుంది. ఈ ముక్క ఇంట్లో అందరికీ అర్థమవ్వాలి, లేకపోతే "లేజర్ అయిపోయిందిగా, ఇంక క్రీమ్ దేనికి" అని మధ్యలో మానేస్తారు.

ఎవరికి చేస్తారు ఎవరికి చెయ్యరు అనేది ముందే తేల్చుకోవాలి. బయాప్సీ రిపోర్ట్ లేకుండా ఎవరైనా లేజర్ వేస్తాం అంటే లేచి వచ్చెయ్యండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. చెన్నైలో ప్రతి మెయిన్ రోడ్డులో ఒక స్కిన్ క్లినిక్ ఉంది, మొటిమల గుంటలకి వాడే లేజర్ మెషిన్ కూడా ఇదే రకం, కాబట్టి మెషిన్ ఉన్నంత మాత్రాన సరిపోదు. బయాప్సీ చెయ్యకుండా పైపైన కాల్చేస్తే పైన చర్మం మానిపోయి కింద క్యాన్సర్ దాక్కుని పెరుగుతుంది. పుట్టుమచ్చలా నల్లగా ఉంది కదా అని బ్యూటీ పార్లర్‌లో కాల్పించుకునేవాళ్లు ఉన్నారు, బేసల్ సెల్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ మనవాళ్లలో చాలాసార్లు నల్లగానే ఉంటుంది, చూడ్డానికి పుట్టుమచ్చలాగే కనిపిస్తుంది. బయాప్సీ పెద్ద పనేం కాదు, మత్తు సూది వేసి మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, ఒకటో రెండో కుట్లు.

రిపోర్ట్‌లో రెండు పేర్లలో ఒకటి ఉంటే ఈ పద్ధతి గురించి మాట్లాడొచ్చు, ఒకటి బోవెన్స్, దాన్నే స్క్వేమస్ సెల్ కార్సినోమా ఇన్ సైటు అని కూడా రాస్తారు, ఇంకోటి సూపర్‌ఫిషియల్ బేసల్ సెల్ కార్సినోమా. అది కూడా ఒంటి మీదో చేతుల మీదో కాళ్ల మీదో ఉంటే మేలు. ముక్కు, కంటి రెప్ప, పెదవి, చెవి దగ్గరైతే, లేదా నాడ్యులర్ అనో ఇన్‌ఫిల్ట్రేటివ్ అనో ఇన్వేసివ్ అనో రాసి ఉంటే, అక్కడ ఆపరేషన్ గురించే ముందు అడగండి, ముఖం మీద వాటికి మోస్ సర్జరీ అని పొర పొరగా తీసి అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద చూసుకుంటూ చేస్తారు. మెలనోమా అని, అంటే ఒంట్లోకి పాకే ప్రమాదం ఎక్కువున్న చర్మ క్యాన్సర్ అని ఉంటే ఈ క్రీమ్ మాటే వద్దు, నేరుగా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలి. చెన్నైలో ఉన్నవాళ్లకి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954 లో మొదలుపెట్టింది, సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే గవర్నమెంట్ జనరల్ ఆసుపత్రి ఉంది, నెల్లూరు నుంచో గూడూరు నుంచో వచ్చేవాళ్లకి రైలు దిగితే రోడ్డు దాటడమే.

ఆపరేషన్ కన్నా ఇది మంచిదా అని నేనూ అడిగాను. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, కోసి తీస్తే పూర్తిగా పోయే అవకాశం ఎక్కువ, తీసిన ముక్క అంచులు క్లియర్‌గా ఉన్నాయో లేదో ల్యాబ్‌లో చూడొచ్చు కూడా, క్రీమ్‌తో ఆ భరోసా ఉండదు. నెదర్లాండ్స్‌లో 601 మంది సూపర్‌ఫిషియల్ బేసల్ సెల్ పేషెంట్లతో చేసిన ట్రయల్‌లో లేజర్ లేకుండా ఉత్త 5-ఎఫ్‌యూ క్రీమ్ వాడినవాళ్లలో అయిదేళ్ల తర్వాత 70 శాతం మందికి తిరిగి రాలేదు, ఇమిక్విమాడ్ అనే ఇంకో క్రీమ్‌తో 80.5 శాతం. మందు ఇంకా బాగా లోపలికి పంపాలి, వారాల తరబడి రాసే బాధ తగ్గించాలి అనే లేజర్ కలిపారు, కానీ ఈ కలిపిన పద్ధతి మీద వచ్చినవి ఎక్కువగా చిన్న చిన్న స్టడీలే. క్రీమ్ డబ్బా మీద లేజర్ తర్వాత రాయండి అని ఎక్కడా ఉండదు, డాక్టర్ తన అనుభవంతో ఆఫ్ లేబుల్‌గా చేస్తారు, అందుకే కన్సెంట్ ఫారం ఇస్తారు. అది ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది, ఊరికే సంతకం పెట్టకండి, తెలుగు తెలిసినవాళ్లని పిలిచి చదివించుకోండి, చెన్నై ఆసుపత్రుల్లో అడిగితే తెలుగు వచ్చిన నర్సు ఎవరో ఒకరు దొరుకుతారు. నాన్నకి షుగర్ ఉంది, వీపు మీద చర్మం బిగుతుగా ఉండే చోటు, కుట్లు పిగులుతాయేమో అని భయపడ్డాడు, పొలంలో వంగకుండా నెల రోజులు ఉండలేనన్నాడు, అందుకే ఇది ఎంచుకున్నాం. మీ లెక్క వేరే కావచ్చు.

వెళ్లేముందు డాక్టర్‌కి కచ్చితంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా, గాయమైతే కెలాయిడ్, అంటే మచ్చ ఉబ్బి గడ్డలా, లేస్తుందా, పెదవి మీద జ్వరం పొక్కులు వచ్చే అలవాటుందా, గర్భవతా, పాలిచ్చే తల్లా. గర్భంతో ఉంటే ఈ మందు అస్సలు వాడకూడదు. ఇంకోటి ముఖ్యం, 5-ఎఫ్‌యూని ఒంట్లో విరగ్గొట్టే డీపీడీ అనే ఎంజైమ్ కొందరికి పుట్టుకతోనే తక్కువ ఉంటుంది, వాళ్లకి ఈ మందు విషంలా పనిచేస్తుంది. ఇంట్లో రక్తసంబంధీకులు ఎవరైనా 5-ఎఫ్‌యూ గానీ, ఒంట్లోకి వెళ్లి అదే మందుగా మారే కేపెసిటబిన్ మాత్రలు గానీ వాడి ప్రాణం మీదకి తెచ్చుకున్నారా అని గుర్తు చేసుకుని చెప్పండి, లేజర్ వల్ల మందు మామూలు కన్నా ఎక్కువ లోపలికి వెళ్తుంది కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. ట్యూబు కొనేటప్పుడు పర్సెంట్ చూసుకోండి, చీటీలో 5 శాతం రాస్తే 5 శాతమే.

లేజర్ రోజు సంగతి త్వరగా చెప్పేస్తా. మత్తు క్రీమ్ రాసి ప్లాస్టిక్ చుట్టి గంట కూర్చోబెట్టారు, తర్వాత శుభ్రంగా తుడిచేసి, మందు రాయాల్సిన చోటు చుట్టూ పెన్నుతో గీసి ఫోటో తీశారు, ఆ ఫోటో మీ ఫోన్‌లో కూడా తీయించుకోండి, తర్వాత ఎంతవరకు రాయాలో దాన్ని చూసే తెలుస్తుంది. కళ్లకి అడ్డం పెట్టారు, పొగ పీల్చే గొట్టం పక్కనే ఆన్ చేశారు, వెంట్రుక కాలిన వాసన వచ్చింది, నాన్న చీమలు కుట్టినట్టుందన్నాడు. మొదటిసారి క్రీమ్ రాయడం, కట్టు కట్టడం వాళ్లే చేశారు, అప్పుడు పక్కన నిలబడి కళ్లార్పకుండా చూడండి, రేపటి నుంచి అది మీ పని. నేను వీడియో తీసుకుంటానంటే ఒప్పుకున్నారు, ఆ వీడియో ఏడు రోజులూ పనికొచ్చింది.

ఇప్పుడు ఇల్లు. ముందు కుక్కనీ పిల్లినీ పంపించెయ్యండి. ఇది నేను భయపెట్టడానికి చెప్పడం లేదు, 5-ఎఫ్‌యూ క్రీమ్ కొంచెం నాకినా, ట్యూబు కొరికినా కుక్కలు చచ్చిపోవచ్చు, అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2017 లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. మా కుక్క జిమ్మీకి నాన్న అంటే ప్రాణం, ఆయన వస్తే ఒళ్లోనే పడుకుంటుంది, వీపు నాకుతుంది, అందుకే లేజర్‌కి ముందు రోజే మా ఆడపడుచు వాళ్లింటికి తాంబరం పంపించాను, కట్లు విప్పి పుండు పూర్తిగా మానేదాకా తీసుకురాలేదు. మా వదిన ఆరో నెల, చూడ్డానికొచ్చింది, ఆమెని కట్టు గానీ నాన్న విడిచిన బనియన్ గానీ ముట్టుకోనివ్వలేదు. చిన్నపిల్లలుంటే ట్యూబు అలమరాలో పైన పెట్టి తాళం వెయ్యండి.

కట్టు మార్చేది మాకు రోజుకొకసారి, రాత్రి ఎనిమిదింటికి పెట్టుకున్నాను, ఎందుకంటే పగలు చెమటకి టేపు నిలవదు. మే నెల చెన్నైలో వీపు మీద ప్లాస్టిక్ కట్టు అంటే మీకు చెప్పక్కర్లేదు, ఏసీ గది ఉంటే ఆ వారం పెద్దాయనకి ఇచ్చెయ్యండి, ఇది సౌకర్యం కోసం కాదు, కట్టు జారకుండా ఉండటం కోసం. స్నానం నడుం దాకానే చెంబుతో, పైన తడిగుడ్డతో తుడిచేదాన్ని. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కుని గ్లౌజులు వేసుకోండి, నైట్రైల్‌వి డబ్బా కొంటే సరిపోతుంది. పాత కట్టుని నిదానంగా, ఒక అంచు నుంచి, అవతలి చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి తియ్యండి, అంటుకుంటే సెలైన్‌తో తడిపి రెండు నిమిషాలు ఆగండి, లాగకండి. సెలైన్‌లో ముంచిన గాజ్ గుడ్డతో పాత క్రీమ్ తుడిచి పొడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. తర్వాత గ్లౌజు మార్చి, మాకు చెప్పింది కందిగింజంత క్రీమ్, అదే వేలి కొసతో పెన్ను గీత లోపల పల్చగా పరిచేదాన్ని, తెల్లగా మందంగా కనపడితే ఎక్కువైనట్టు. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందనుకోవడం తప్పు, చుట్టూ మంచి చర్మం కూడా పుండవుతుంది, ఒంట్లోకి కూడా ఎక్కువ పోతుంది. దాని మీద గాలాడని డ్రెస్సింగ్, అంచులకి పేపర్ టేపు, అప్పుడు గ్లౌజులు లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి తీసి, పాత కట్టుతో పాటు ఒక కవర్లో వేసి మూతి కట్టి ఇంకో కవర్లో వేసి మూతున్న డబ్బాలో పడెయ్యాలి. మళ్ళీ చేతులు కడుక్కోవాలి, కళ్లు నలుపుకోవడం గానీ ముక్కు తుడుచుకోవడం గానీ కడుక్కున్నాకే. పక్క మీద పాత పంచె పరిచి, బనియన్లూ దుప్పట్లూ మిగతావాటితో కలపకుండా విడిగా ఉతికాను.

మూడో రోజుకి ఎర్రబడింది, నాలుగో రోజుకి రసి కారింది, అయిదో రోజుకి చూస్తే నాకే కళ్లు తిరిగాయి, మచ్చ మొత్తం పచ్చి పుండు, మంట అని నాన్న రాత్రంతా పక్కకి తిరిగి పడుకున్నాడు. ఇది జరగాల్సిందే, మందు పని చేస్తోందని దానర్థం, ఎర్రబడటం, పొక్కులు, చిట్లడం, చెక్కు కట్టడం, మానడం, ఈ వరస ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఆ అయిదో రాత్రే నేను ఒక తప్పు చేశాను. నిద్రలో కట్టు ఊడిపోయింది, తెల్లారుజామున చూసి కంగారులో మళ్ళీ క్రీమ్ రాసి కట్టేశాను, సాయంత్రం మళ్ళీ మామూలుగా రాశాను, అంటే ఒకే రోజు రెండుసార్లు. మర్నాటికి మంట రెట్టింపైంది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ కోప్పడలేదు గానీ, కట్టు ఊడితే శుభ్రం చేసి కొత్త కట్టు మాత్రం వేసి ఫోన్ చెయ్యాలి, మీ అంతట మీరు ఇంకో డోసు వెయ్యకూడదు అని చెప్పింది. మీరు ఆ నంబరు లేజర్ రోజే తీసుకుని పెట్టుకోండి, రాత్రిపూట ఎవరు ఎత్తుతారో కూడా అడగండి.

మంట, ఎరుపు, రసి మామూలే. కానీ చీము, దుర్వాసన, ఎర్రదనం పెన్ను గీత దాటి దూరంగా పాకడం, జ్వరం, ఇవుంటే ఇన్ఫెక్షన్ అనుకుని అదే రోజు వెళ్లాలి. నోట్లో పుండ్లు, ఆగని విరేచనాలు, వాంతులు మొదలైతే మందు ఒంట్లోకి ఎక్కువ వెళ్లిందేమో అని అనుమానించాలి, క్రీమ్ తుడిచేసి వెంటనే ఆసుపత్రికి, ఏం క్రీమ్ ఎప్పట్నుంచి వాడుతున్నారో ట్యూబు చూపించండి, క్యాజువాలిటీలో ఉన్నవాళ్లకి చర్మం క్రీమ్‌తో ఇలా అవుతుందని వెంటనే తట్టకపోవచ్చు.

ఏడో రోజు క్రీమ్ ఆపేశాక ఇంక వాజిలిన్, శుభ్రమైన కట్టు, అంతే. అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి పసుపూ వేపాకూ నూరి పెట్టమని రోజూ చెప్పేది, ఆమె బాధ నాకు అర్థమైంది కానీ పచ్చి పుండు మీద ఏదీ పెట్టనివ్వలేదు. మిగిలిన పాత స్టెరాయిడ్ ట్యూబు ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు మంట తగ్గుతుందని రాసేస్తారు, డాక్టర్ చెప్పకుండా వద్దు. చెక్కు దానంతటది రాలాలి, గోరుతో లేపితే మచ్చ లోతుగా పడుతుంది. మాకు పుండు పూర్తిగా మూసుకోవడానికి నాలుగో వారం దాటింది, షుగర్ అదుపులో ఉంచుకోవడం వల్లే ఆ మాత్రం త్వరగానైనా మానిందన్నారు.

మానాక అక్కడ నల్లటి మరక మిగిలింది. మన రంగు చర్మానికి ఇది చాలా మామూలు, నెలల తరబడి ఉంటుంది, క్యాన్సర్ మళ్ళీ వచ్చిందని కంగారు పడొద్దు. ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుంది, పొలానికి వెళ్తే చొక్కా విప్పకూడదని నాన్నకి గట్టిగా చెప్పాను, యాభై ఏళ్ల అలవాటు, ఇప్పుడు పల్చటి పొడుగు చేతుల చొక్కా వేసుకుంటున్నాడు. చూడాల్సింది మరక రంగు కాదు, మళ్ళీ పొలుసులు లేస్తున్నాయా, అంచు దగ్గర మెరిసే పొక్కు వస్తోందా, ముట్టుకుంటే రక్తం వస్తోందా అనేది.

ప్రతి నెలా ఒకటో తారీఖున కిటికీ పక్కన నిలబెట్టి మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయమని మా తమ్ముడికి చెప్పాను, తీసి నాకు వాట్సాప్ చేస్తాడు, అదే వెలుతురు, అదే దూరం. ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లకి ఇంకోచోట రావడానికి అవకాశం ఎక్కువ కాబట్టి వీపు, తలమీద, అరికాళ్లు కూడా అప్పుడే చూస్తాడు. మూడో నెల చెకప్‌కి నాన్న మళ్ళీ పినాకినిలో వచ్చాడు, చర్మాన్ని పెద్దదిగా చూపించే డెర్మోస్కోప్‌తో చూసి, అనుమానం లేకుండా మధ్యలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపారు, క్లియర్ అని వచ్చింది. తర్వాతిది ఆరు నెలలకి, అలా అయిదేళ్లు. మొదటి బయాప్సీ రిపోర్ట్, ఆ స్లైడులు, లేజర్ రోజు తీసిన పెన్ను గీత ఫోటో ప్రింటు, ట్యూబు అట్టపెట్టె, అన్నీ ఒక ఫైల్లో పెట్టి నాన్న సంచిలోనే ఉంచాను, చెన్నైలో చూపించినా నెల్లూరులో చూపించినా ఆ ఫైలు పక్కన ఉండాలి.